రాత్రి ఫొటోల వెలుగా, నీకు జోహార్లు

మున్సిపాలిటీ దీపం చేరని చోటికి కూడా నువ్వు చేరతావు. మిర్చి సీజనులో గుంటూరు రాత్రి ఎవరెవరిదో నీకు తెలుసు. కోల్డ్ స్టోరేజీల్లో తొడిమలు తీసి ఇంటిదారి పట్టిన ఆడవాళ్ళు, పగలంతా మిర్చి టిక్కీలు మోసి గోడ పక్కనే నడుం వాల్చిన హమాలీలు, కర్నూలు పడమటి పల్లెల నుంచి సుగ్గికి, అంటే కోతల పనికి వలసొచ్చి, లారీ దిగినచోటే మూటల మీద పిల్లల్ని పడుకోబెట్టుకున్న తల్లులు... అందరినీ ఒక్క మెరుపులో పట్టేస్తావు. వాళ్ళకెంత కూలి ముడుతోందో అడిగే తీరిక ఊళ్ళో ఎవరికీ లేదు. అలాంటి చోట వాళ్ళ ముఖాల మీది ముడతలన్నీ చూసినదానివి నువ్వే. ఆ చూపు గొప్పదే, కాదనను.

నీ ఓర్పు ఇంకా గొప్పది. తేజ మిర్చి ఘాటుకి మండుతున్న చేతిని తొడిమలు తీసే ఆడమనిషి కొంగులో చుట్టుకునే క్షణం కోసం ఎంతసేపైనా కాచుకుంటావు. ఆ క్షణం రాగానే మెరుస్తావు. చేతులకు తొడుగులెందుకు ఇవ్వలేదని మేస్త్రీని అడిగి బొమ్మ చెడగొట్టుకోవు.

వంశం కూడా గొప్పదే. 1880ల చివర న్యూయార్కులో జేకబ్ రీస్ మెగ్నీషియం పొడి వెలిగించి, ఇరుకు గదుల్లో పడుకున్న వలస కూలీలను ఫొటోలు తీశాడు. 1890లో వచ్చిన ఆయన పుస్తకం థియోడర్ రూజ్‌వెల్ట్‌ను కదిలించింది. ఆ బొమ్మల్లో నిద్రకళ్ళు చిట్లించినవాళ్ళున్నారు. వెలుగు కళ్ళలో పడ్డాకే వాళ్ళకు ఫొటో సంగతి తెలిసింది.

మన గడ్డ మీద 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలిసింది. నేరస్త జాతుల చట్టం కింద ఎరుకలవారిని అక్కడ ఉంచి, రిజిస్టర్లో ఎక్కించి, హాజరు వేయించుకున్నారు. దుర్మార్గపు చట్టమది. అయినా రాసుకోవడానికి వాళ్ళ పేరన్నా అడిగింది. నీకు ఆ అవసరమూ లేదు. ప్రదర్శనశాల గోడ మీద ‘మిర్చి కూలీ, గుంటూరు’ అని రాస్తే సరిపోతుంది. 1984లో స్టీవ్ మెకరీ తీసిన అఫ్ఘాన్ అమ్మాయి కళ్ళు మరుసటి ఏడు పత్రిక అట్ట మీద లోకమంతా చూసింది. ఆమె షర్బత్ గులా అని తెలిసింది మాత్రం 2002లో.

నీకు చేతకాక కాదు. 2001లో దయానితా సింగ్ ఢిల్లీ హిజ్రా మోనా అహ్మద్ మీద పుస్తకం తెస్తే, అందులో మోనా తన కథ తన మాటల్లోనే చెప్పుకుంది. అంత పని నీకూ వచ్చు. వచ్చిన పనిని మానుకున్నావు గనకే ఇంతసేపు పొగిడాను. ఈసారి ప్రదర్శనకు రిబ్బన్ కత్తిరించే ముందు ఆ ప్రింట్లు ఓసారి మిర్చి యార్డుకు పట్టుకెళ్ళు. ఎవరి ముఖం వాళ్ళకు చూపించు. గోడకెక్కించొచ్చో లేదో వాళ్ళనే చెప్పనీ. అమ్ముడైతే వాటా ఎంతో కూడా అక్కడే, అందరి ముందూ తేల్చు.