ఇంట్లో పుట్టిన బండి

భారతదేశంలో మోటార్ సైకిల్‌ను సొంతంగా తయారు చేసుకోవడం నేరం కాదు. షెడ్డులో నిలబెట్టి తుడుచుకోవచ్చు, దసరాకు బొట్టు పెట్టి నిమ్మకాయ కట్టవచ్చు, చుట్టాలకు చూపించవచ్చు. రోడ్డెక్కించాలంటే మాత్రం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి.

అందుకు ముఖ్యమైన ఫారాలు మూడు. 20వది యజమాని నింపాలి, 21వది అమ్మినవాడు ఇవ్వాలి, 22వది తయారీదారు ఇవ్వాలి. హారన్ మోత ఎంత, పొగలో ఏ వాయువు ఎంత అన్నది ఈ చివరిదాంట్లో ఉంటుంది. చేసినవాడూ ఎక్కేవాడూ ఒక్కడే అయితే తనకు తానే అమ్ముకున్నట్టు రాసిచ్చుకోవాలా అని ఆర్టీఏ కౌంటర్లో అడిగితే, పక్కకు జరిగి వెనకవాళ్లకు దారివ్వమంటారు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అడిగేదీ ఒకటే: ఏ కంపెనీ?

కంపెనీ అనిపించుకోవడానికీ దారి ఉంది. 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 126వది ప్రకారం నమూనా బండిని పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి వాహన పరీక్షా సంస్థకు తీసుకెళ్లి పరీక్ష చేయించాలి. పొగ బీఎస్-6కు లోబడాలి, ఇంజన్ 125 సీసీ దాటితే ఏబీఎస్ బ్రేకు ఉండాలి. లక్ష బళ్లు చేసే కంపెనీకీ, ఒక్కటే చేసుకునే మనిషికీ పరీక్ష ఒకటే. కంపెనీ ఆ ఖర్చును లక్ష బళ్ల మీద సర్దుకుంటుంది. ఇతనితో పంచుకోవడానికి పక్కింటివాళ్లు కూడా రారు.

బ్రిటన్‌లో ఒకే ఒక్క బండిని విడిగా పరీక్షించి ఆమోదించే ఎంఎస్‌వీఏ అనే పద్ధతి ఉంది. అక్కడ బండిని చూస్తారు, ఇక్కడ బండి వెనకాల ఫ్యాక్టరీని వెతుకుతారు.

ఇంత తంటా ఎందుకని పాత బుల్లెట్ కొని కోయించేవాళ్లే ఎక్కువ. అది 52వ సెక్షన్‌కు తగులుతుంది. కేరళ నుంచి వచ్చిన కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో తేల్చింది: తయారీదారు చెప్పిన కొలతలకు, వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. అదే ఏడాది వచ్చిన సవరణతో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. హాండిల్ ఒకటి, ట్యాంకు రెండు, ఫోర్కు మూడు అని లెక్క పెడుతూ పోతే చలానా బండి ఖరీదును అందుకుంటుంది.

123వ నిబంధన ముచ్చట వేరు. వెనక కూర్చునేవారికి పట్టుకునే పిడి, కాలు పెట్టుకునే చోటు, బట్టలు చిక్కకుండా వెనక చక్రంలో కనీసం సగానికి కప్పు ఉండాలి. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. చీర కొంగు, చున్నీ చక్రానికి చుట్టుకుని పోయిన ప్రాణాలున్నాయి. కాకపోతే ఒంటి సీటుతో చేసే బాబర్ రకం బండికి వెనక సీటే ఉండదు. సీటు లేని బండికి చీర గార్డు బిగించమంటే వెల్డింగ్ షాపువాడే నవ్వుతాడు.

సైలెన్సర్ మార్చినవాళ్ల సంగతి విశాఖ పోలీసులు ఆ సైలెన్సర్లను రోడ్డు రోలరుతో తొక్కించి తేల్చారు. ప్రభుత్వం ఉచితంగా చేసిపెట్టే మోడిఫికేషన్ అదొక్కటే.

రంగు మార్చినా ఆర్సీలో రాయించుకోవాలి. సీటు కవరు మాత్రం ఇష్టమొచ్చింది కుట్టించుకోవచ్చు.