గేర్‌బాక్సుకు వంటసోడా

ఆ రీలు మీ ఫోనులోకీ వచ్చే ఉంటుంది. బోల్టు చూడీ, అంటే మర, పోయిన బెజ్జంలో ఐదు రూపాయల జిగురు, దాని మీద చిటికెడు వంటసోడా, బుస్సున పొగ, వెనక డప్పుల మోత. కారు గేర్‌బాక్సు నయమైపోయింది! ఇక ఇంజనీరింగ్ కాలేజీలు మూసి కిరాణా కొట్లు తెరవడమే తరువాయి.

మెండోరలో ఈ వైద్యం నా కారుకే జరిగింది. గేర్‌బాక్సు ఫౌండేషన్ బోల్టు ఎంత తిప్పినా ఊరికే తిరుగుతోంది. అంతకుముందెవరో పానాకు పైపు తొడిగి, ఊగి ఊగి బిగించిన పుణ్యం. అల్యూమినియంలో ఉక్కు బోల్టు. ఎవరి చూడీ తెగుతుందో చెప్పాలా? "ఫికర్ చెయ్యకు సార్, ఇగ జన్మల ఊడది" అంటూ బజ్జీల పిండిలో వేసినంత నిబ్బరంగా సోడా చల్లాడు మెకానిక్ తమ్ముడు. గట్టిపడింది, నిజమే. గోటితో గీకితే గాజులా ఉంది. గాజులాగే పగిలింది కూడా. ఆర్మూరు చేరకముందే, గేరు మార్చినప్పుడల్లా కింద 'ధన్'మని చప్పుడు.

సోడాకు అంత సత్తా ఉంటే, మా మండలంలోని శ్రీరాంసాగర్‌కు 42 గేట్లున్నాయి. ఒక్కదాని బోల్టుకైనా చల్లి, దాని కింద నిలబడమనండి ఆ రీలు వీరుణ్ణి. 2015లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీకీ ఓ పొట్లం పంపొచ్చు. మళ్లీ తెరుస్తామన్న హామీల కన్నా నయం.

టెఫ్లాన్ టేపు చుట్టేవాళ్లు, రాగి తీగ దోపేవాళ్లు సరేసరి. పెద్ద బోల్టును సుత్తితో దిగ్గొట్టేవాళ్ల గురించి మాట్లాడను, నాకు బీపీ ఉంది.

ఆ బోల్టుకు వేలాడేది గోడ గడియారం కాదు. గేర్‌బాక్సు బరువు, ఇంజను గుంజుడు, గుంతల దెబ్బలు, వేడి, కారే ఆయిలు అన్నీ దాని మీదే. అది ఊడితే గేర్‌బాక్సు కుంగుతుంది, యాక్సిళ్లు ఒత్తిడికి గురవుతాయి. పిల్లల్ని ఎక్కించుకునే బండి అది. లైకుల కోసం దానికి సోడా చల్లమనడం మోసం. ఇంకో పేరు లేదు.

అసలు పని ఏమంత బ్రహ్మవిద్య కాదు. పాత చూడీని డ్రిల్లుతో తీసేసి, కొలతకు తగిన టాప్ కొట్టి, హెలికాయిల్ అనే స్టీలు తీగచుట్ట దించాలి. బోల్టు పాత సైజుదే పడుతుంది. విమానాల ఇంజన్లలోనూ వాడే పద్ధతే. కాకపోతే డ్రిల్లు వంకర పోకుండా పట్టే చెయ్యి కావాలి. అలాంటి చెయ్యిని రీలులో పెడితే జనం జరిపేస్తారు.

నిజామాబాద్‌లో లేత్ పని చేసే పెద్దాయన ఒకరు నా బండికి అదే చేశారు. బెజ్జంలోంచి తెల్లటి ముక్కలు గీకి, నా అరచేతిలో పోసి, "ఏంది సార్ ఇది, పిప్పరమెంటా?" అన్నారు.

మీ బండి కింద కూడా ఆ తెల్లపొడి రాలి ఉంటే, ఆర్మూరు దాకా పోకండి.