బతికున్న సర్వరుకు దినాలు

నాకు జీతమిచ్చేది ఎర్ర చుక్క చూసి ఉలిక్కిపడ్డందుకు. పచ్చ చుక్కలు చూస్తూ కూర్చుంటే ఎవరూ ఇవ్వరు. ఇచ్చినా ఏడాది తిరిగేసరికి "అసలు ఇతను చేసే పనేంటి?" అని ఎవరో ఒకరు ఆరా తీస్తారు. అందుకే తెర మీద ఎర్ర చుక్క పడ్డప్పుడు పైకి ఎంత తిట్టుకున్నా, లోపల మాత్రం ఈ నెల గడిచిపోతుందిలే అని చిన్న ధీమా.

2020లో లాక్‌డౌన్ రాగానే హైదరాబాదులో గది ఖాళీ చేసి ఎల్లంతకుంటకు వచ్చి పడ్డవాళ్లలో నేనొకణ్ణి. నాతో వచ్చినవాళ్లంతా మెల్లగా వెళ్లిపోయారు. నేను పోలేదు. రాత్రంతా డ్యూటీ, తెల్లారితే అనంతగిరి వైపు అన్నపూర్ణ రిజర్వాయరు కట్ట మీద నడక, ఆ తర్వాత నిద్ర. ఊళ్లో అందరూ నాట్లకు పోయేటప్పుడు పడుకునే మనిషిని చూసి జనం ఏమనుకుంటారో తెలుసు. మా అవ్వ మాత్రం "మావోడు అమెరికా టైముల బతుకుతుండు" అని సర్దిచెబుతుంది.

నేను సర్వర్లకు కాపలా కాసే కంపెనీ పేరు చెప్పను. సముద్రాలకవతల గోదాముల వ్యాపారం. వాళ్ల హోస్టు సర్వర్లలో చాలావరకు విండోస్ సర్వర్ 2008 ఆర్2 మీద నడుస్తాయి. అది బయటికొచ్చింది 2009లో. 2020 జనవరి 14తో దానికి మామూలు మద్దతు అయిపోయింది. డబ్బు కట్టేవాళ్లకు మరో మూడేళ్లు అప్‌డేట్లు ఇచ్చారు. మా క్లయింటు ఆ డబ్బూ కట్టలేదు, కొత్త సర్వర్లూ కొనలేదు. కారణం ఉంది. ఆ హోస్టుల మీది ఒకానొక వర్చువల్ మెషీన్లో గోదాము లెక్కల సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని రాసిన సంస్థ ఎప్పుడో మూతపడింది. ముట్టుకుంటే ఏమవుతుందో ఎవరికీ తెలియదు కనుక ఎవరూ ముట్టుకోరు. మా లైన్లో ఇలాంటి దాన్ని 'స్టేబుల్' అంటారు.

వర్చువల్ మెషీన్ అంటే ఏమిటో నాకు ట్రైనింగులో స్లైడ్ల మీద స్లైడ్లు వేసి చెప్పారు. మా బాపుకు మాత్రం ఒక చాయ్ తాగేంతలో అర్థమైంది. ఆయన సిరిసిల్ల బి.వై. నగర్‌లో ఏళ్ల తరబడి సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి.

"ఒక్కటే పెద్ద మిషిని బాపూ. దాని లోపల ఇంకో పది మిషిన్లు ఉంటయి. ఒక్కోటి నేనే అసలు మిషినిని అనుకుంటది."

"అంటే ఖార్ఖానా. షెడ్డు ఒక్కటే, కరెంటు లైను ఒక్కటే, అండ్ల పది సాంచాలు."

"అంతే."

"ఆసామి ఎవలు?"

"వీఎంఎంఎస్ అని ఒక సర్వీసు ఉంటది. ఏది నడవాలె, ఏది ఆగాలె అదే చెప్తది."

"మరి నువ్వేం జేస్తవ్?"

"నడుస్తున్నయా లేదా చూస్త."

"ఈడ కూసోనా?"

"ఆఁ."

బాపు చాయ్ గ్లాసు కింద పెట్టి, నా లాప్‌టాప్ దగ్గరికి వంగి చెవి పెట్టాడు. "చప్పుడన్న ఇనవడుతదా?"

వినబడదు. అసలు చిక్కంతా అదే. సిరిసిల్ల గల్లీలో నడిచే మనిషి గోడ అవతల ఎన్ని సాంచాలు నడుస్తున్నాయో, దేనికి దారం తెగిందో చెవితో చెప్పేస్తాడు. నాకా భాగ్యం లేదు. అవతలి హోస్టులో ఎవరో లెక్క రాసి పంపితేనే నాకు తెలుస్తుంది. ఆ రాసేవాడికి జ్వరమొస్తే ఖార్ఖానా మూతపడ్డట్టే నా తెర మీద చూపిస్తుంది.

ఒక మిషన్లో అనేక మిషన్ల ఆలోచన కొత్తదేమీ కాదు. ఐబీఎం 1972లోనే వీఎం/370 అని పెద్ద కంప్యూటర్ల మీద ఇదే పని చేసి చూపించింది. మా ప్రాంతానికి కరెంటిచ్చే సహకార సంఘం, సెస్, 1970లో మొదలైంది. అంటే మా వైపు ఊళ్లలోకి బల్బులు వస్తున్న రోజుల్లోనే అమెరికాలో ఒక కంప్యూటరు తనను తాను పదిగా ఊహించుకోవడం మొదలుపెట్టింది. విండోస్ వాళ్లు హైపర్‌-వీ పేరుతో ఈ పనికి దిగింది 2008లో.

కరెంటు మాట వచ్చింది కనుక మీటరు సంగతీ చెప్పాలి. ఒకసారి క్లయింటు మేనేజరు కోపంగా ఒక ఫొటో పంపాడు. హోస్టులో టాస్క్ మేనేజర్ తెరిస్తే సీపీయూ వాడకం నాలుగు శాతం. "మీరేమో సర్వరు నిండిపోయింది, కొత్తది కొనండి అంటున్నారు. ఇదేంటి మరి?" అని కింద నాలుగు ప్రశ్నార్థకాలు. శాతానికొకటి కాబోలు.

ఈ సందేహం చాలామందికి వస్తుంది. హైపర్‌-వీ ఎక్కించాక హోస్టులోని విండోస్ కూడా హైపర్‌వైజర్ అనే అడుగు పొర మీద కూర్చున్న ఒక వాటాదారే. దాని టాస్క్ మేనేజర్ తన వాటా ఖర్చే చూపిస్తుంది, వర్చువల్ మెషీన్ల ఖర్చు అందులోకి రాదు. అసలు లెక్క కావాలంటే పర్ఫార్మెన్స్ మానిటర్లో 'హైపర్‌-వీ హైపర్‌వైజర్ లాజికల్ ప్రాసెసర్' అనే పద్దు కింద 'టోటల్ రన్ టైమ్' శాతం చూడాలి. అక్కడ తొంభై దాటి ఉంది. ఇదంతా బొమ్మలు గీసి పెద్ద మెయిల్ రాశాను. మేనేజరుకు ఎక్కలేదు. బాపుకు చెబితే ఒక్క ముక్కలో తేల్చేశాడు: "ఆసామి గదిల ఫ్యాను మీటరు జూసి ఖార్ఖానా బిల్లు గట్టుమంటుండా ఆయన?" ఆ వాక్యాన్ని ఇంగ్లీషు చేసి పంపుదామనుకున్నాను గానీ, ఖార్ఖానా దగ్గరే ఆగిపోయాను.

ఇక అసలు కథ. క్లయింటు వాళ్లు హోస్టులు మార్చలేదు కానీ, హోస్టులను చూసే మానిటరింగ్ టూలును మార్చారు. పాత సర్వర్ల మీదికి కొత్త సూపర్‌వైజరు. ఆ టూలు పేరూ అడగకండి. ఒక శుక్రవారం రాత్రి దాన్ని ఎక్కించారు. 2012 ఆర్2 హోస్టులు కొన్ని ఉన్నాయి, అవి చక్కగా పచ్చబడ్డాయి. 2008 ఆర్2 హోస్టులు మాత్రం ఒకదాని వెంట ఒకటి ఎర్రబడ్డాయి. ప్రతిదాని పక్కనా ఒకటే మాట: హోస్టు స్పందించడం లేదు, వర్చువల్ మెషీన్లు సున్నా.

గోదాముల్లో పని మాత్రం ఆగలేదు. లారీలు లోడవుతున్నాయి, బిల్లులు వస్తున్నాయి. అయినా కాన్ఫరెన్స్ కాల్ పెట్టారు. పెట్టకపోతే ఎలా, డాష్‌బోర్డు ఎర్రగా ఉంది కదా. కాల్లో మూడు దేశాల వాళ్లు. ఒకాయన "హోస్టు డెడ్" అంటాడు, నేను "నాట్ డెడ్" అంటాను. ఇంకొకాయన "రీస్టార్ట్ చేసేద్దాం" అంటాడు. హోస్టును రీస్టార్ట్ చేస్తే దాని మీద నడుస్తున్న మెషీన్లన్నీ కింద పడతాయని చెప్పడానికి నాకు గొంతు పోయింది. ఇంట్లో సిగ్నల్ సరిగా లేక వాకిట్లోకి వచ్చి, వేపచెట్టు కింద నిలబడి అరుస్తున్నాను. మా కాల్లో హైదరాబాదు పిల్లాడు ఒకడుంటే వాడితో మధ్యమధ్య తెలుగు: "సచ్చిందంటున్నరు గానీ సావలే తమ్మీ, మంచిగనే ఉన్నది, నేను ఇప్పుడే జూసిన!"

అవ్వ లేచి వచ్చింది. "ఎవలు సచ్చిండ్రు కొడుకా?"

ఫోను చేత్తో మూసి "ఎవలు సావలేదవ్వా, హోస్టు" అన్నాను.

"ఎవలింటాయన?"

ఈలోగా పక్కింటి కాక భుజాన తువాలేసుకొని గేటు దగ్గరికి వచ్చేశాడు. రాత్రిపూట వాకిట్లో 'సచ్చింది, సావలేదు' అని వినబడితే మా ఊళ్లో ఎవరూ దుప్పటి కప్పుకొని పడుకోరు. ఆయనకు మొత్తం వివరించాల్సి వచ్చింది. శ్రద్ధగా విని, "గా విండోస్ కంపెనీకి పెద్ద మన హైదరాబాదాయనే గద, సత్య నాదెళ్ల. ఫోన్ జేసి అడుగరాదు?" అన్నాడు. కాల్లో అప్పటిదాకా వచ్చిన సలహాల్లో ఇది మరీ తీసిపారేసేదేమీ కాదు.

పింగ్ కొడితే హోస్టు పలుకుతోంది. రిమోట్‌గా లోపలికి పోతే తెరుచుకుంటోంది. లోపల వర్చువల్ మెషీన్లన్నీ లేచే ఉన్నాయి. మరి టూలుకు ఎందుకు కనబడవు? దాని లాగ్ ఫైలు తెరిచి కిందికి జరుపుకుంటూ పోతే, వేల వరుసల మధ్య ఒక చిన్న మాట దొరికింది: ఇన్‌వ్యాలిడ్ నేమ్‌స్పేస్.

సంగతేమిటంటే, హైపర్‌-వీ తన లెక్కలన్నీ డబ్ల్యూఎంఐ అనే చోట పెడుతుంది. 2008, 2008 ఆర్2లలో ఆ చోటు పేరు 'రూట్, వర్చువలైజేషన్'. 2012లో దాని కింద 'వీ2' అని కొత్త గది కట్టారు. 2012 ఆర్2 వచ్చేసరికి పాత గదిని పూర్తిగా తీసేశారు. మా కొత్త టూలుకు తెలిసింది వీ2 ఒక్కటే. 2008 ఆర్2 హోస్టు దగ్గరికి పోయి "వీ2 ఎక్కడ?" అని అడిగింది. అది "అట్లాంటిది మా దగ్గర లేదు" అన్నది. టూలు ఆ జవాబు విని, హోస్టు జవాబే చెప్పలేదని రాసుకున్నది. జవాబు చెప్పినందుకే చచ్చినవాళ్ల జాబితాలో పడ్డ సర్వరు అది.

పాత గదిలో అడిగేలా చిన్న స్క్రిప్టు రాద్దామంటే ఇంకో కొర్రీ. ఇప్పుడందరూ రాసే 'గెట్ వీఎం' కమాండు ఈ హోస్టుల్లో లేదు. హైపర్‌-వీకి పవర్‌షెల్ మాడ్యూలు 2012తోనే వచ్చింది. పెట్టెతో వచ్చిన పవర్‌షెల్ వెర్షన్ 2.0. టూలు వాళ్ల ఏజెంటును హోస్టులోనే ఎక్కిద్దామంటే దాని సంతకం ఎస్‌హెచ్‌ఏ-2. దానికి కావలసిన అప్‌డేటు వేయని 2008 ఆర్2 ఆ సంతకాన్ని నమ్మదు. ఆ అప్‌డేటూ వేస్తే, అప్పుడు ఏజెంటు టీఎల్‌ఎస్ 1.2లోనే మాట్లాడతానంది. 2008 ఆర్2కు టీఎల్‌ఎస్ 1.2 వచ్చు, కానీ రిజిస్ట్రీలోకి పోయి ఎవరైనా తెరిస్తేనే నోరు విప్పుతుంది. టూలు వాళ్ల సపోర్టుకు రాస్తే ఒక్క వాక్యంలో జవాబు: ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మా మద్దతు లేదు. చాలా మర్యాదగా రాశారు, దాన్ని కాదనను.

ఆ గలాటాలో ఒక హోస్టు నిజంగానే తేడాగా ఉంది. పాత గదిలో అడిగినా అక్కడ వర్చువల్ మెషీన్లు సున్నా. చూస్తే వీఎంఎంఎస్ సర్వీసు ఆగిపోయి ఉంది, మెషీన్లు మాత్రం పరుగెడుతున్నాయి. ఒక్కో వర్చువల్ మెషీనుకు వీఎండబ్ల్యూపీ అని సొంత ప్రాసెస్ ఉంటుంది. వీఎంఎంఎస్ పడుకున్నా అవి ఆగవు, లెక్క చెప్పేవాడే ఉండడు. ఆ సర్వీసు ఒక్కటీ మళ్లీ మొదలుపెడితే చాలు, మెషీన్లకు ఏమీ కాదు అన్నాను. కాల్లో దాని మీద చర్చ జరిగింది, అనుమతులు అడిగారు, ఒకాయన రిస్కు పట్టిక నింపమన్నాడు. తెల్లారగట్ల చాయ్ తెచ్చిన బాపు ఆ వాదన కాసేపు విని, "ఆసామి పండుకుంటే సాంచాలు ఆగుతయారా? లేపుండ్రి" అని చెప్పి పశువుల దగ్గరికి వెళ్లిపోయాడు. పట్టిక నిండింది, సర్వీసు మొదలైంది, ఒక్క మెషీను కూడా కదల్లేదు.

ఇంకో హోస్టుకు గడియారం రోగం. దాని డొమైన్ కంట్రోలరు దాని మీదే వర్చువల్ మెషీన్‌గా ఉంది. హోస్టు టైము ఎంతని డొమైన్ కంట్రోలరును అడుగుతుంది. డొమైన్ కంట్రోలరేమో ఇంటిగ్రేషన్ సర్వీసుల ద్వారా హోస్టు గడియారమే చూసి చెబుతుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకొని, ఎంతో అన్యోన్యంగా ఏడు నిమిషాలు వెనకబడ్డారు. లోపలికి వచ్చేవాళ్ల గుర్తింపు చూసే కెర్బరోస్ మామూలుగా ఐదు నిమిషాల తేడా వరకే ఊరుకుంటుంది. బయటి నుంచి వచ్చిన టూలును గడప దగ్గరే ఆపేసింది. ఆ మెషీనుకు హోస్టు నుంచి టైము తీసుకోవడం మాన్పించి, బయటి టైము సర్వరుకు కట్టాక సర్దుకుంది.

ఈ పాతవాటిని వదిలించుకోండని నేను ఎన్నో మెయిళ్లు రాశాను. 2017 మేలో వానాక్రై వైరస్ ప్రపంచమంతా తిరిగి, ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా పట్టిందనీ, అప్‌డేట్లు వేయని పాత విండోసులే దానికి దొరికాయనీ ఉదాహరణ ఇచ్చాను. "మంచి సమాచారం, ధన్యవాదాలు" అని జవాబొచ్చింది.

చివరికి చేసిందేమిటంటే, ప్రతి పాత హోస్టులో ఒక చిన్న స్క్రిప్టు పెట్టాను. అది ఐదు నిమిషాలకోసారి పాత గదిలోకి పోయి, ఎన్ని మెషీన్లు నడుస్తున్నాయో, సీపీయూ అసలు లెక్క ఎంతో చూసి ఒక టెక్స్టు ఫైలులో రాస్తుంది. ఆ ఫైలును వేరే సర్వరులోకి కాపీ చేస్తే, కొత్త టూలు అక్కడ చదువుకుంటుంది. ఫైలు పాతబడితే ఎర్ర చుక్క. అంత ఖరీదైన టూలు ఇప్పుడు నా నోట్‌ప్యాడ్ చదువుతోంది. సోమవారం పొద్దునకు డాష్‌బోర్డు మొత్తం పచ్చగా, వానాకాలం వరిపొలంలా ఉంది.

మేనేజరు మెయిలు ఆ సాయంత్రమే వచ్చింది. అద్భుతమన్నాడు, పై అధికారులకు డాష్‌బోర్డు చూపించానన్నాడు. అన్నీ ఇంత పచ్చగా ఉన్నాయి కనుక ఈ ఏడు కొత్త హోస్టుల బడ్జెట్ రద్దు చేశామన్నాడు. కింద తాజా కలం: ఒక గోదాములో ఇంకా రెండు సర్వర్లు కనబడ్డాయట, విండోస్ సర్వర్ 2003, మీద వర్చువల్ సర్వర్ 2005. ఎవరూ ఎప్పుడూ ఆపలేదట. వాటికి కూడా ఒక పచ్చ చుక్క పెట్టగలవా అని అడిగాడు.