తెలిసినాయన

విశాఖపట్నంలో వీధికో అమ్మవారి గుడి, వీధికో టిఫిన్ బండి, వీధికో తెలిసినాయన ఉంటారు. ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంటుంది గానీ అది ఆధార్ కార్డు దాటి బయటికి రాదు. ఇంటిపన్నులో పేరు మార్చాలన్నా, కొళాయి కనెక్షన్ కావాలన్నా, మనవరాలి పుట్టిన తేదీ సర్టిఫికెట్లో ఒక అక్షరం తప్పు పడినా, ఇంట్లో ఎవరో ఒకరు అనేస్తారు: "ఆఫీసులో మనకి తెలిసినాయన ఉన్నాడు కదేటి!" నిజానికి ఆయన ఆ ఆఫీసులో ఏనాడూ పని చెయ్యలేదు.

చేసిన ఉద్యోగం వేరే. స్టీల్‌ప్లాంటు గానీ, పోర్టు గానీ, షిప్‌యార్డు గానీ అయ్యుంటుంది. షిఫ్టు డ్యూటీ చేసేవాడికి లోకమంతా పనిలో ఉన్న వేళ ఖాళీ దొరుకుతుంది. ఆ ఖాళీని కొందరు పేకాటకిచ్చారు, కొందరు చీటీలకిచ్చారు, ఈయన మున్సిపల్ ఆఫీసుకిచ్చాడు. నైట్ డ్యూటీ దిగి, కూర్మన్నపాలెంలో బస్సెక్కి, ఆశీలుమెట్ట దగ్గర తెన్నేటి భవనం ముందు దిగి, ఒక టీ కొట్టి, తలుపులు తీసే వేళకి గుమ్మంలో ఉండేవాడు. రిటైరయ్యాక ఆ నైట్ డ్యూటీ ఒక్కటే తగ్గింది. మిగతాదంతా యథాతథం.

చంకలో ఒక రెక్సిన్ సంచీ. అందులో వీధి మొత్తం ఉంటుంది. అందరి ఆధార్ జిరాక్సులు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు (పోయినవాళ్ళవి విడిగా కవర్లో), రెవెన్యూ స్టాంపులు, గమ్ము సీసా, వేలిముద్రలకి స్టాంపు ప్యాడు, ఆ వేలు తుడుచుకోడానికి పాత బనీను ముక్క. డబ్బు మాత్రం ఆయన ముట్టడు. "నాకెందుకు బాబూ, లోపలాళ్ళకి కొంచెం..." అంటాడు. ఆ కొంచెం లోపలికి ఎంత వెళ్ళిందో, అసలు వెళ్ళిందో లేదో వీధిలో ఎవరూ ఆరా తియ్యలేదు. పని అవుతోంది కదా!

ఇలా సాఫీగా సాగిపోతున్న బతుకులోకి 2000లో కంప్యూటర్ వచ్చింది. సంజయ్ జాజు కమిషనర్‌గా ఉన్న రోజుల్లో కార్పొరేషన్ 'సౌకర్యం' అని ఒక పథకం పెట్టింది. పన్నులు కంప్యూటర్ కౌంటర్లో కట్టొచ్చు. ఇంటి ప్లాను ఫైలు ఎంతవరకు వచ్చిందో తెర మీద చూసుకోవచ్చు. ఆసుపత్రిలో బిడ్డ పుడితే ఆ వివరం అక్కణ్ణుంచే కార్పొరేషన్‌కి చేరుతుంది. ఇంటర్నెట్ అంటే గంటకింతని చెల్లించి కేఫులో కూర్చోవడమే అయిన కాలంలో ఇది చిన్న పని కాదు. ఈ-పాలన గురించి రాసేవాళ్ళు ఇప్పటికీ విశాఖ పేరు తలుస్తారంటే దాని చలవే.

తెలిసినాయనకి మాత్రం నెత్తిన పిడుగు పడింది. ఫైలు ఏ బల్ల మీద ఉందో చెప్పడమే ఆయన విద్య. ఆ విద్యని ఒక యంత్రం ఎవరడిగితే వాళ్ళకి ఊరికే చెప్పేస్తోంది! కొన్నాళ్ళు అలిగి ఇంట్లో కూచున్నాడు. ఆ తరవాత ఒకరోజు కౌంటర్ దగ్గరికి వెళ్ళి చూస్తే జనం బిక్కమొహాలు వేసుకుని నిలబడి ఉన్నారు. కంప్యూటర్‌కి అసెస్‌మెంట్ నంబరు కావాలట. సొంత ఇంటిదైనా ఆ నంబరు ఎవరికి గుర్తుంటుంది? ఈయనకి వీధి మొత్తానివి కంఠతా. వరసలో నిలబడ్డవాళ్ళకి ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వెళ్ళాడు. సాయంత్రానికి గండం గట్టెక్కింది.

2005లో గాజువాకనీ చుట్టుపక్కల గ్రామాలనీ కలుపుకుని కార్పొరేషన్ 'గ్రేటర్' అయ్యింది. అదే ఏడు ఎస్తోనియా అనే బుల్లి దేశం స్థానిక ఎన్నికల్లో ఇంటర్నెట్ మీద ఓట్లు వేయించింది. మనకి 2012లో పాలకవర్గం గడువు తీరాక, ఇంటర్నెట్ మాట దేవుడెరుగు, 2021 మార్చి దాకా మామూలు ఓట్లే లేవు. తొమ్మిదేళ్ళు నగరానికి కార్పొరేటర్లు లేరు. మా వీధికి మాత్రం తెలిసినాయన ఉన్నాడు. ఆ తొమ్మిదేళ్ళూ ఆయనకి స్వర్ణయుగం. పెళ్ళిళ్ళకి పిలుపులు, వినాయక మంటపాల్లో మొదటి హారతి, పొద్దున్నే అరుగు మీద దర్బారు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, కంప్యూటర్లన్నీ బొమ్మలైపోయాయి. ఆ వారం ఆయన్ని చూసి తీరాలి. లుంగీ ఎగ్గట్టి, సైకిల్ మీద, కూలిన చెట్ల మధ్య సందు చేసుకుంటూ నీళ్ళ ట్యాంకరు ఏ మలుపులో ఆగిందో, పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతున్నాయో, జనరేటర్ ఎవరింట్లో ఉందో అరుచుకుంటూ తిరిగాడు. ఆ వారం ఎవరి దగ్గరా 'కొంచెం' అనలేదు. ఇది రాయకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టే.

తుఫాను వెలిశాక ఊరంతా ఎల్ఈడీ దీపాలొచ్చాయి, 90 వేల పైచిలుకు. గుంపుకొక కంట్రోల్ పెట్టె. వెలిగించడం, ఆర్పడం, ఎక్కడ లోపముందో చూడడం అన్నీ ఒకచోట కూర్చునే. అంతకు ముందు వీధి దీపం పోతే లైన్‌మన్‌ని వెతికి, బతిమాలి, టీ పోయించి నిచ్చెన ఎక్కించిన ఘనత ఈయనదే. 2016 జనవరిలో కేంద్రం ప్రకటించిన తొలి 20 స్మార్ట్ సిటీల్లో విశాఖ ఉందని పేపర్లో చదివి, పక్కింటాయనతో "సిటీ స్మార్టయితే మనమేటైపోవాలి గురూ?" అన్నాడట.

అసలు దెబ్బ 2019 అక్టోబరు 2న తగిలింది. వార్డు సచివాలయాలొచ్చాయి. పరిపాలనకొకరు, పారిశుద్ధ్యానికొకరు, ప్లానింగుకొకరు, సంక్షేమానికొకరు, అందరూ కార్యదర్శులే, అందరూ కుర్రాళ్ళే. పైగా ఇంటికొచ్చి తలుపు తట్టే వాలంటీర్లు. గుమ్మంలోకే పని వచ్చేస్తే మధ్యలో మనిషి ఎక్కడ నిలబడతాడు? ఆయన వెరవలేదు. కార్యదర్శులందరికీ బాబాయి అయిపోయాడు. డేటా ఎంట్రీ అమ్మాయికి సర్వర్ డౌనైన పూట ఇంటి నుంచి పెసరట్టు తెప్పించాడు. "మా బాబాయిగారే" అని ఆ పిల్ల చెప్పడం విన్నాక వీధి మళ్ళీ ఆయన గుమ్మం తొక్కింది. 2024లో ప్రభుత్వం మారాక వాలంటీర్లు పోయారు. సచివాలయాలు ఉన్నాయి. బాబాయీ ఉన్నాడు.

2025 జనవరి 30న 'మన మిత్ర' వచ్చింది. వాట్సాప్‌లో ఒక మెసేజ్ కొడితే చాలు, మొదటి విడతలోనే 161 ప్రభుత్వ సేవలు. ఈసారి నిజంగా పని అయిపోయిందనుకున్నారంతా. అప్పుడు ఆయన్ని ఓటీపీ కాపాడింది.

ఒకావిడ కేసు చూడండి.

"ఏటమ్మా, ఓటీపీ వచ్చిందా?"

"నా ఫోనుకి రాలేదు బాబూ."

"ఆధార్‌కి ఏ నంబరిచ్చావు?"

"మా చిన్నోడిది."

"చిన్నోడేడీ?"

"ఓడ మీదున్నాడు."

ఇది విశాఖలో మాత్రమే పుట్టే చిక్కు. ఓటీపీకి ప్రాణం కొద్ది నిమిషాలు. చిన్నోడున్న ఓడ సముద్రం మధ్యలో, సిగ్నల్ లేని చోట. ఇంకెవరైనా అయితే "అవదమ్మా" అని పంపేసేవారు. ఈయన కళ్ళద్దాలు సవరించుకుని, ఓడ పేరడిగి, ఓడలెక్కడున్నాయో చూపించే యాప్ తెరిచాడు. తెర మీద సముద్రాన్ని రెండు వేళ్ళతో లాగి లాగి చూశాడు. "బుధవారం పొద్దున్న సింగపూర్ రేవులో కడతారు. చిన్నోణ్ణి ఫోను చేతిలో పట్టుకుని డెక్కు మీద నిలబడమను" అన్నాడు. బుధవారం పని అయ్యింది. ఆవిడ వీధంతా చెప్పింది. వాట్సాప్ గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఇక ఏ యాప్‌కీ అంతుపట్టని శాస్త్రం ఆయన దగ్గర ఇంకొకటుంది, పరిధి శాస్త్రం. విశాఖలో నేలకి యజమానులు చాలామంది. కార్పొరేషన్, పోర్టు, నేవీ, రైల్వే, స్టీల్‌ప్లాంటు, జాతీయ రహదారి, బీచ్ రోడ్డు వైపు వెళ్తే మహానగర అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. మనం గోతిని ఫొటో తీసి యాప్‌లో పెడతాం. 'మా పరిధిలోనిది కాదు' అని జవాబొస్తుంది. ఆయన అయితే గోతి అంచున నిలబడి, కాలితో చూపించి మరీ చెప్తాడు: "ఇదిగో, ఈ తూర్పు సగం కార్పొరేషన్‌ది. ఆ పడమటి సగం కేంద్ర ప్రభుత్వానిది. స్కూటర్ మీద వస్తే కేంద్రంలో పడతావు, చూసుకో." వన్‌టౌన్‌లో మేడల మీద ఆరేసిన బట్టలకి పట్టే నల్లటి పొడి గురించి ఫిర్యాదు చెయ్యాలంటే యాప్‌లో చెత్త, కాలువ, దీపం, కుక్కలు ఉంటాయి గానీ బొగ్గు పొడి ఉండదు. అది 'ఇతరములు' కింద వెయ్యాలనీ, అలా వేస్తే ఏమీ అవదనీ, కాలుష్య నియంత్రణ మండలికి విడిగా కాగితం పెట్టాలనీ ఆయనే చెప్తాడు. సోమవారం సోమవారం జరిగే ఫిర్యాదుల వేదికకి ఇప్పటికీ ఇస్త్రీ చొక్కాతో హాజరవుతాడు. మనం కాగితం ఇస్తాం, వాళ్ళు దాన్ని కంప్యూటర్‌లో ఎక్కిస్తారు, మనకి నంబరొస్తుంది. ఆ నంబరుని ఆయన రెక్సిన్ సంచీలోని నోటు పుస్తకంలో మళ్ళీ పెన్నుతో ఎక్కిస్తాడు.

ఇంత విద్య ఉన్న మనిషి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆయన ఎవరికీ నేర్పడు. మా ఎదురింటి పిన్నిగారు డిగ్రీ చదివింది. "ఎక్కడ నొక్కాలో ఒకసారి చూపించండి అన్నయ్యా, వచ్చేసారి నేనే చేసుకుంటాను" అని అడిగితే, ఫోను గుండెలకేసి తిప్పుకుని "నీకెందుకమ్మా ఈ తలనొప్పి, నేను లేనూ?" అన్నాడు. పాతికేళ్ళలో కౌంటర్ మారింది, తెర మారింది, వరస పోయింది, ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ సర్టిఫికెట్ కోసం తెన్నేటి భవనం మెట్లెక్కే బాధ తగ్గింది. ఇవన్నీ నిజమే, తక్కువవీ కావు. కానీ యంత్రం చెప్పిన మాటని తెలిసినాయన ఇంకోసారి చెప్తే తప్ప మనం నమ్మం. ఆయన బతుకుతున్నది సర్వర్ డౌనవడం వల్ల కాదు, మన బద్ధకం వల్ల.

అందుకని చిన్న మనవి. ఏడాది ఇంటిపన్ను మొత్తం ఏప్రిల్ 30 లోగా ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గింపు ఉంది. ఈ సంగతి ఆయనకి ఎప్పట్నుంచో తెలుసు. మన దగ్గర పూర్తి మొత్తమే తీసుకుంటున్నాడు. ఈసారి మీరే కట్టుకోండి. అసెస్‌మెంట్ నంబరు పాత రసీదు మీద పైనే ఉంటుంది.