ధరలు సవరించబడినవి: సటీకా తాత్పర్యము

అవతారిక

గ్రంథం మొదట్లో మంగళం పలకడం పెద్దల ఆచారం. పెట్రోలు శాస్త్రంలో ఆ మంగళవాక్యం "జీరో చూస్కోండి సార్" అన్నది. శూన్యంతో మొదలయ్యే శాస్త్రాలు మన గడ్డ మీద రెండే వర్ధిల్లాయి. కృష్ణ ఒడ్డున నాగార్జునుడి పేరు మీద చెప్పుకునేది ఒకటి, రోడ్డు ఒడ్డున బంకులో నడిచేది రెండోది. మొదటిదానిలో శూన్యాన్ని తెలుసుకోవడానికి జన్మలు చాలవు. రెండోదానిలో గొట్టం బయటికి తీసేలోపు జేబులోనే సాక్షాత్కరిస్తుంది.

ఇక వ్యాఖ్యకు కారణం. ధర మారినప్పుడల్లా పేపర్లో ఒక గద్యం వస్తుంది. ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, దాన్ని రాసిన గుమాస్తాలు పింఛను పుచ్చుకుంటున్నారు. గద్యం ధోరణి మాత్రం మారలేదు. ఇంత స్థిరమైన రచనకు టీక లేకపోవడం పండితలోకానికి తలవంపులు. ఆ పని మేం నెత్తిన వేసుకున్నాం. నానా ప్రతుల్ని సరిచూసి మేం పరిష్కరించిన పాఠం ఇది.

మూలము

"అంతర్జాతీయ విపణిలో చోటుచేసుకున్న పరిణామాల దృష్ట్యా పెట్రోలు, డీజిలు ధరలు స్వల్పంగా సవరించబడినవి. ఇందువల్ల సామాన్యునిపై ఎట్టి భారమూ పడబోదు."

టీక

విపణి అంటే అంగడి. ఇలాంటివి నిఘంటువులో చూసుకోండి. మెదక్ దగ్గరి కొల్చారం వాడని చెప్పే కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. మేమూ అదే ఒట్టు పెట్టుకుంటున్నాం. ఆయనకు స్కూటరు లేదు కాబట్టి నిలబెట్టుకోగలిగాడు. మా సంగతి చూడాలి.

సవరించబడినవి: ఇక్కడ ఆగాలి. ఇది కర్మణి ప్రయోగం. ఎవరిచేత సవరించబడినవి? మూలంలో కర్త లేడు. లేని కర్తను బయటినుంచి తెచ్చుకోవడాన్ని అధ్యాహారం అంటారు. 2010 జూన్‌లో పెట్రోలుకూ, 2014 అక్టోబరులో డీజిలుకూ ధర కట్టే పనిని కేంద్రం వదులుకుంది గనుక, చమురు కంపెనీలే కర్త అని ఒక సంప్రదాయం. 2017 మే 1న విశాఖపట్నంతో సహా అయిదు ఊళ్ళలోనూ, జూన్ 16 నుంచి దేశమంతటా, రోజూ ధర మార్చే పద్ధతి వచ్చింది. ఉదయం ఆరింటికి సుప్రభాతంతో పాటు కొత్త రేటు. సరే, ఒప్పుకుందాం.

మరి ఆ కర్త 2021 నవంబరు 4 నుంచి 137 రోజులు మౌనవ్రతం ఎందుకు పట్టాడు? మధ్యలో ముడిచమురు పీపా వంద డాలర్లు దాటింది, అయినా నోరు విప్పలేదు. అయిదు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు 2022 మార్చి 10న వచ్చాయి. మార్చి 22న వ్రతం ముగిసింది. పదహారు రోజుల్లో పద్నాలుగుసార్లు పెంచి లీటరుకు పది రూపాయలు పారణ చేశాడు. 2018లో కర్ణాటక పోలింగుకు ముందూ ఇలాగే పందొమ్మిది రోజులు ధర కదల్లేదు. దీన్ని కాకతాళీయ న్యాయం అంటారని కొందరు. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగాయి, అంతే అని వాళ్ళ వాదం. ఒకసారైతే కాకతాళీయమే. ఎన్నికలు వచ్చినప్పుడల్లా అదే కాకి అదే తాటిచెట్టు మీద వాలుతుంటే, ఆ కాకిని ఎవరో మేపుతున్నారని అర్థం.

ఇక్కడ పాఠాంతరం గమనించాలి. ధర తగ్గిన రోజున గద్యం కర్తరిలోకి తిరుగుతుంది. "ప్రజల కష్టాన్ని గుర్తించి ప్రభుత్వం తగ్గించింది" అని, ఫొటోతో సహా కర్త ప్రత్యక్షమవుతాడు. పెరిగితే కర్త లేడు, తగ్గితే కర్త ఉన్నాడు. చిన్నయసూరి చూడని వ్యాకరణ విశేషమిది.

అంతర్జాతీయ పరిణామాల దృష్ట్యా: ఈ దృష్టికి పైకి చూడటం మాత్రమే వచ్చు. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు వాయిదా ధర సున్నా కిందికి పడింది. కొనేవాడికే ఎదురు డబ్బిచ్చి పట్టుకుపొమ్మన్నారు. మరుసటి నెలలోనే కేంద్రం పెట్రోలు మీద పది రూపాయలు, డీజిలు మీద పదమూడు రూపాయలు సుంకం పెంచింది. బంకులో రేటు పెరగలేదు కదా అన్నారు. పెరగలేదు నిజమే. తగ్గాల్సిన దాన్ని మధ్యలోనే అందుకున్నారు.

ధరలు: ఈ బహువచనం కవి ప్రమాదం కాదు. ఊరికో ధర ఉందని సూచన. తార్కికులకు ఇక్కడ ఒక చిక్కు. విశాఖలో చమురుశుద్ధి కర్మాగారం ఉంది. 1957లో కాల్టెక్స్ వాళ్ళు పెట్టారు, ఇప్పుడు హెచ్‌పీసీఎల్‌ది. అక్కణ్ణించి విజయవాడ మీదుగా సికింద్రాబాదు దాకా భూమిలో గొట్టం వేశారు. దూరం పెరిగేకొద్దీ రవాణా ఖర్చు పెరిగి సరుకు ప్రియం కావాలి గదా. కానీ దగ్గరున్న విజయవాడలో కంటే ఆ గొట్టం చివరనున్న హైదరాబాదులో లీటరు దాదాపు రెండు రూపాయలు చవక. హైదరాబాదులో వ్యాట్ 35.20 శాతం. విజయవాడలో 31 శాతమే, కానీ దాని మీద లీటరుకు నాలుగు రూపాయలు, ఆ పైన రోడ్ల సెస్సు ఒక రూపాయి. రోడ్ల సెస్సు కట్టి, ఆ రోడ్డు మీద గుంట తప్పించడానికి బండి పక్కకు తిప్పిన ప్రతివాడూ ఈ వాక్యానికి సొంతంగా వ్యాఖ్య రాసుకోగలడు.

యానాం విశేషాంశము

ధరల బహువచనానికి ఉదాహరణ చెప్పమంటే యానాం చెప్పాలి. గౌతమీ పాయ ఒడ్డున, కాకినాడకు దగ్గర్లో, ముప్పై చదరపు కిలోమీటర్ల నేల. నాలుగువైపులా ఆంధ్రప్రదేశ్, పరిపాలించేది ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి. అక్కడ పన్ను తక్కువ, అందుకని లీటరు మన కంటే పది రూపాయలకు పైగా చవక. ఎదుర్లంక వంతెన దాటి వచ్చే కోనసీమ బళ్ళూ, తాళ్ళరేవు వైపు నుంచి వచ్చే కాకినాడ బళ్ళూ ఆ బంకుల ముందు బారులు తీరతాయి. అదే గోదావరి, అదే భాష, అదే పులస, అదే ఎండ. నడిరోడ్డు మీద కనపడని గీత ఒకటి.

ఈ గీత మహిమ ఇప్పటిది కాదు. పక్కనే ఇంజరంలో ఇంగ్లీషు వాళ్ళు, ఇక్కడ ఫ్రెంచి వాళ్ళు కొట్లు పెట్టుకున్న నాటినుంచీ ఉంది. బ్రిటిషు హయాంలో మంగళవారం సంతకు మన వాళ్ళు ఎగబడి వెళ్ళేది బ్రిటిషు వైపు దొరకని విదేశీ సరుకు కోసం. 1929లో శారదా చట్టం వచ్చింది. బ్రిటిషు నేల మీద బాల్యవివాహం నేరమైంది. ఫ్రెంచి నేల మీద ఆ చట్టం చెల్లదు. ఇంకేం, బాజాభజంత్రీలతో సహా పెళ్ళివారు యానాం దారి పట్టారు. ఊరికి కల్యాణపురం అని పేరే వచ్చింది. ఆ పెళ్ళిళ్ళను ఒక్కసారి ఊహించుకోండి. పడవ దిగుతున్న పురోహితుడు, నిద్రమొహంతో పెళ్ళికూతురు, గీత దాటగానే ఊపిరి పీల్చుకున్న పెళ్ళిపెద్దలు. చట్టాన్ని ఎదిరించే ధైర్యం లేదు, పాటించే మనసూ లేదు. అందుకని దాన్ని కాస్త పక్కకు జరిగి దాటారు. గోదావరి జిల్లాల లౌక్యమంతా ఆ నాలుగడుగుల్లో ఉంది. ఆ పిల్లల గతేమిటని అడిగినవాడు ఆ పడవల్లో ఉన్నట్టు లేదు.

1954లో ఫ్రెంచి వాళ్ళు వెళ్ళిపోయారు. గీత మాత్రం పోలేదు. ఇవాళ మద్యానికీ అదే గీత, పెట్రోలుకూ అదే గీత. ఒకప్పుడు పెళ్ళికొడుకును దాటించినవాళ్ళ మనవలు ఇప్పుడు ఖాళీ ట్యాంకును దాటిస్తున్నారు. అటు పడమట, కర్ణాటక అంచున ఉన్న ఊళ్ళలో లారీ డ్రైవర్లు హద్దు దాటేదాకా ముల్లును ఎర్రగీత మీద నడిపించి అక్కడ నింపుతారు. ఆంధ్రలో హద్దు పక్కన బంకు పెట్టినవాడు ఈగలు తోలుకుంటాడు.

మూలం ఎక్కడ వదిలేశాం? స్వల్పంగా దగ్గర. మల్లినాథుడు క్షమించుగాక.

స్వల్పంగా: ఈ స్వల్పాన్ని కొలిచేది ఢిల్లీలో. 2022 మేలో కేంద్రం ఎనిమిది రూపాయల సుంకం తగ్గించి, అన్నీ కలిపి బంకులో తొమ్మిదిన్నర తగ్గుతుందని చెప్పింది. ఢిల్లీలో తగ్గింది 8.69. హైదరాబాదులో 119.49 నుంచి 109.66కి, అంటే 9.83 తగ్గింది. 2024 మార్చిలో రెండు రూపాయలు తగ్గిస్తే హైదరాబాదులో 109.66 కాస్తా 107.41 అయింది, అంటే రెండుంపావలా. మన అదృష్టం అనుకునేరు. వ్యాట్ శాతం లెక్కన పడుతుంది, అదీ కేంద్రం సుంకాన్ని కూడా కలిపిన మొత్తం మీద. పన్ను మీద పన్ను. దిగేటప్పుడు మనకు ఎంత ఎక్కువ దిగుతుందో, ఎక్కేటప్పుడు అంతకు తగ్గకుండా ఎక్కుతుంది. ఆ 107.41లో రాష్ట్రం వాటా సుమారు 28 రూపాయలు. కేంద్రం ఒక్క రూపాయి పెంచితే, నోరెత్తకుండానే రాష్ట్రానికి ముప్పైఅయిదు పైసలు వస్తాయి. పెంచిన కేంద్రాన్ని రాష్ట్రం తిడుతుంది, వచ్చిన పైసల్ని లెక్కపెట్టుకుంటుంది.

సామాన్యునిపై: ఇక్కడ పాండిత్యం పక్కన పెడతాను.

సామాన్యుడు ట్యాంకు నింపడు. "నూటపదికి కొట్టు తమ్మీ" అంటాడు. వందకు కొట్టిస్తే మోసం చేస్తారని, నూటపదికైతే కుదరదని ఎవరో చెప్పారు. ఆ యంత్రానికి రెండూ ఒకటే. అయినా తనను కాపాడేది ఏదో ఒకటి ఉందని నమ్మాలి కదా. బంకు లేని పల్లెలో కిరాణా కొట్టు ముందు నీళ్ళ సీసాల్లో పెట్రోలు పెడతారు. నిబంధనలు ఒప్పుకోవు, అవసరం ఒప్పుకుంటుంది. లీటరుకు బంకు రేటు మీద ఇంకో పదో ఇరవయ్యో. రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ రేటు కట్టేది కారున్నవాడు కాదు, పొలానికి పాత మోపెడ్ మీద వెళ్ళేవాడు.

బండి లేనివాడికి భారం లేదంటారా? 2022 ఏప్రిల్‌లో రెండు రాష్ట్రాల ఆర్టీసీలూ డీజిల్ సెస్ వేశాయి. పల్లెవెలుగులో మనిషికి రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్‌లో అయిదు. మే 22న డీజిలు మీద కేంద్రం సుంకం ఆరు రూపాయలు తగ్గింది. జూన్ 9న తెలంగాణలో ఆ సెస్ తగ్గకపోగా, దూరాన్ని బట్టి ఇంకా పెరిగింది. ఆర్టీసీకి నష్టాలున్నాయి, కాదనను. కానీ తగ్గిన డీజిలు టిక్కెట్టు దాకా ఎందుకు రాదు?

షేర్ ఆటో చూడండి. పది రూపాయల ఛార్జీ పదకొండు కాదు. చిల్లర ఎవరి దగ్గరుంది? కొన్నాళ్ళు ఓర్చుకుని ఒక్కసారిగా పదిహేనో ఇరవయ్యో చేస్తాడు. "పెట్రోలు చూస్తున్నావుగా పెద్దమ్మా" అంటాడు. పెద్దమ్మ ఏమీ అనదు, చూస్తూనే ఉంది. తర్వాత పెట్రోలు రెండు రూపాయలు తగ్గితే, మెట్టు దిగడానికి ఆ రెండు చాలవు. ధర పైసల్లో కదులుతుంది, ఛార్జీ నోట్లలో కదులుతుంది. మదనపల్లె టమోటా లారీ కిరాయీ, పాలవాడి లెక్కా, బడి ఆటో నెల జీతమూ ఈ పద్ధతే. 2022 మే నుంచి 2024 మార్చి దాకా బంకు ధర దాదాపు కదల్లేదు. ఆ రెండేళ్ళలో వెనక్కి తగ్గిన ఆటో ఛార్జీ ఒక్కటి నాకు చూపించండి, ఈ టీక చించేస్తాను.

అలంకారము

అపహ్నుతి. ఉన్నదాన్ని లేదని, లేనిదాన్ని ఉందని చెప్పడం దీని లక్షణం. "ఎట్టి భారమూ పడబోదు" అన్నది లక్ష్యం. ఆలంకారికులు ఇంతకంటే శుద్ధమైన ఉదాహరణ చూపలేరు.

తాత్పర్యము

2017 జూలై 1న జీఎస్టీ వచ్చినప్పుడు పెట్రోలునూ డీజిలునూ బయటే ఉంచారు. ఎప్పటినుంచి చేర్చాలో జీఎస్టీ కౌన్సిల్ చెప్పాలని రాజ్యాంగంలోనే రాసుకున్నారు. 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలో చర్చకు వస్తే, ఇది సమయం కాదన్నారు. ఏ విషయంలోనూ కలవని కేంద్రమూ రాష్ట్రాలూ ఆ ఒక్క మాట మీద కలిశాయి. కాబట్టి పన్ను తగ్గించమని అడగను. అడిగి ఏం లాభం?

అడిగేది ఇంకొకటి. హోటల్లో రెండు ఇడ్లీ తింటే బిల్లు మీద కేంద్రానికి రెండున్నర శాతం, రాష్ట్రానికి రెండున్నర శాతం అని విడివిడిగా అచ్చవుతుంది. బంకు ఇచ్చే చీటీ మీద రేటు, లీటర్లు, మొత్తం, కింద ధన్యవాదాలు. ఢిల్లీ ధరలో ఏ ముక్క ఎవరిదో చమురు కంపెనీలు విడమర్చి ప్రకటిస్తూనే ఉన్నాయి. ఆ లెక్కనే మా ఊరి రేటుకు చీటీ మీద వేయండి: అసలు ధర, డీలరు కమిషను, కేంద్రం సుంకం, రాష్ట్రం వ్యాట్. నాలుగు పంక్తులు, అంతకంటే వద్దు. కర్తలిద్దరి పేర్లూ అచ్చులో కనపడితే, ఈ గద్యానికి టీక రాయాల్సిన పని ఇంకెవరికీ ఉండదు.