గ్లాసులో ముక్కు

అఫ్జల్‌గంజ్‌లో దొరకని సరుకు లేదంటారు గానీ, అక్కడికక్కడే బీరు కాచి పోసే చోటు మాత్రం లేదు. అవన్నీ జూబ్లీహిల్స్ వైపు, గచ్చిబౌలి వైపు. అందుకే మన హేజీరావు శనివారం సాయంత్రం ఎంజీబీఎస్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో బండి మారి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టులో దిగుతాడు. పేరు మనం పెట్టిందే. ఇలాంటివాడు ప్రతి ఆఫీసులోనూ, ప్రతి బంధువర్గంలోనూ ఒకడుంటాడు కాబట్టి అసలు పేరుతో పనిలేదు. గ్లాసు ముందుకు రాగానే ఏం చేస్తాడో మీరూ చూసే ఉంటారు. తాగడు. ముందు దీపం వైపు ఎత్తుతాడు. గ్లాసు వెనక వేలు పెట్టి, వేలు కనబడకపోతే తృప్తిగా తల ఊపుతాడు. అది హేజీ ఐపీఏ అనే మసక బీరు, ఆ మసకే దాని గొప్ప. తర్వాత గ్లాసును గిర్రున తిప్పి ముక్కు లోపలికి దించుతాడు. ముక్కు కొసకు నురగ అంటుకున్నా తుడుచుకోడు. కళ్లు మూసుకుని, "జామ... బాగా పండిన జామ... అడుగున కొంచెం కొబ్బరి" అంటాడు. అప్పటికి చుట్టూ ఉన్నవాళ్ల గ్లాసులు సగం ఖాళీ.

ఇదంతా డాబు, బీరులోకి జామపండు ఎక్కణ్ణుంచి వస్తుంది, ఎక్కడో చదివింది వల్లిస్తున్నాడు అని చాలామంది తీసిపారేస్తారు. ఆ మాట నిలబడదు. బీరులో వేసే హాప్ అనేది తీగకు కాసే ఆకుపచ్చటి పువ్వు. మామిడికి ఆ వాసన ఇచ్చే నూనెల్లో ఒకటైన మర్సీన్ ఈ పువ్వులోనూ దండిగా ఉంటుంది. జామపండు గదిలో పెడితే ఇల్లంతా తెలిసిపోవడానికి కారణమైన గంధకపు పదార్థాలు, థయోల్స్ అంటారే, అవీ కొన్ని రకాల హాప్స్‌లో ఉన్నాయి. లీటరుకు నానోగ్రాముల లెక్కన ఉన్నా మనిషి ముక్కు వాటిని పసిగడుతుంది. పాత పద్ధతిలో హాప్స్‌ను మరిగించేవారు, చేదు దిగేది, వాసన ఆవిరైపోయేది. హేజీ ఐపీఏలో చాలా భాగం హాప్స్‌ను మరుగు దిగాక, పులిసేటప్పుడు, పులిశాక వేస్తారు. అందుకని చేదు తగ్గి వాసన నిలుస్తుంది. ఓట్స్, గోధుమల్లోని మాంసకృత్తులు హాప్స్‌లోని పదార్థాలతో ముడిపడి ఆ మసకను నిలబెడతాయి. అమెరికాలో వెర్మాంట్ రాష్ట్రపు ది ఆల్కెమిస్ట్ బ్రూవరీలో జాన్ కిమిచ్ 2004లో కాచిన హెడీ టాపర్ నుంచి ఈ మోజు పాకింది. 2018లో అక్కడి బ్రూవర్స్ అసోసియేషన్ దీనికి విడిగా ఒక తరగతే కేటాయించింది. కాబట్టి హేజీరావు జామ అంటే జామే. అతని ముక్కు మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఆ ముక్కును అతను వాడుతున్న పద్ధతి మీద. అతని ఇంటికి నాలుగడుగుల్లో బేగంబజార్ ఉంది. అక్కడ ధనియాలు కొనేవాడు ఏం చేస్తాడు? పిడికెడు అరచేతిలో పోసుకుని, రెండు చేతులా నలిపి, పొట్టు ఊది, ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం చిట్లించి, "పోయినేటి సరుకు సేట్, వాసనేది?" అంటాడు. వాసన అతనికి అందింది, సరుకు మంచిదని తెలుసు కూడా. అయినా ఆ మాట అనకుండా కొనడు, ఎందుకంటే ఆ వాసన చూడటమంతా రేటు దించడానికి. అమెరికాలోని యాకిమా లోయలో హాప్స్ కోతలయ్యాక బీరు కాచేవాళ్లు వచ్చి చేసే పనీ అచ్చం ఇదే. పువ్వులు అరచేతుల్లో నలిపి, ముక్కు ఆనించి, ఏ పొలం సరుకు కావాలో తేల్చుకుంటారు. ఆ లోయ నుంచి బేగంబజార్ దాకా ఇది కొనేవాడి విద్య. హేజీరావు ఒక్కడే దాన్ని తిరగేశాడు. బిల్లు ఖాయమైపోయాక ముక్కు దించుతాడు. తను ఇచ్చిన డబ్బు తక్కువేనని తనకు తాను రుజువు చేసుకోవడానికి వాసన చూస్తాడు. ఒక్కో పండు పేరూ ఒక్కో రసీదు. సగం గ్లాసయ్యేసరికి అయిదు పండ్లు తేలతాయి, ఇక ఆ బీరు చవక. ఇంటికి మిరపకాయలు తెమ్మంటే మాత్రం ఈ ముక్కు పనిచేయదు, మొదటి దుకాణంలో చెప్పిన రేటే ఇచ్చి వస్తాడు. జామకాయ కోసి ఉప్పూకారం చల్లి ఇచ్చే బండి పక్కనుంచే, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో, జామ వాసన వెతుక్కుంటూ మెట్రోకు నడుస్తాడు.

చరిత్ర చెప్పేటప్పుడూ ఇదే తిరకాసు. ఐపీఏలో 'ఐ' అంటే మన దేశమేనని ప్రతి కొత్తవాడికీ చెబుతాడు, లండన్‌లో బో బ్రూవరీ జార్జ్ హాడ్జ్‌సన్ మన కోసమే దాన్ని కనిపెట్టాడంటాడు. కనిపెట్టలేదు. ఎండ దేశాలకు పంపే బీరులో హాప్స్ ఎక్కువ వేయడం అప్పటికే ఉంది. హాడ్జ్‌సన్ తెలివల్లా, ఈస్టిండియా కంపెనీ ఓడల రేవుకు దగ్గర్లో ఉండి, కెప్టెన్లకు ఏడాదిన్నర దాకా ఉద్దెర ఇవ్వడంలో ఉంది. ఉద్దెర మీద బజారు ఎలా నడుస్తుందో అఫ్జల్‌గంజ్ మనిషికి ఇంకొకరు చెప్పాలా! కానీ హేజీరావు కథలో ఉద్దెర ఉండదు, ఓడలూ తుపానులూ ఉంటాయి.

అయినా అతని అసలు ప్రేమ పేరులేని హాప్స్ మీద. యాకిమా చీఫ్ రాంచెస్, జాన్ ఐ. హాస్ అనే రెండు సంస్థలు కలిసి నడిపే హాప్ బ్రీడింగ్ కంపెనీ కొత్త వంగడాలకు ముందు అంకెలే ఇస్తుంది, హెచ్‌బీసీ ఇంత అని. ఏళ్ల తరబడి పరీక్షించాక నచ్చితేనే పేరు. హెచ్‌బీసీ 394 సిట్రా అయింది, 369 మొజాయిక్ అయింది, కొబ్బరి వాసన కొట్టే 438 సాబ్రో అయింది. అంకె దశలో ఉన్న హాప్ గురించి హేజీరావు ఏమన్నా చెల్లుతుంది, కాదనడానికి ఎవరూ తాగి ఉండరు. అందుకే సియాటిల్ నుంచి బావమరిది వస్తున్నాడంటే నెలముందే లెక్క వేస్తాడు. మన కస్టమ్స్ వాళ్లు ఒక మనిషికి సుంకం లేకుండా రెండు లీటర్లు రానిస్తారు. ఒక్కో బీరు డబ్బా 473 మిల్లీలీటర్లు. నాలుగు పడతాయి. బావమరిది పాపం పిల్లల బట్టలు తగ్గించుకుని నాలుగూ మోసుకొస్తే, గుమ్మంలోనే, "డబ్బా అడుగున తేదీ చూసినవా? ఫ్రిజ్‌లో ఉన్నదే తెచ్చినవా?" అని నిలదీస్తాడు. "బావా, నాకు నీళ్లన్నా ఇయ్యరా?" అంటాడతను. తేదీ అడగడంలో న్యాయం లేకపోలేదు. ఒకప్పుడు నెలల తరబడి ఓడ ప్రయాణం తట్టుకోవడానికి వేసిన హాప్స్‌తో ఇప్పుడు కాచే ఈ బీరు, గాలి సోకితే వారాల్లోనే రంగు మాసి, పండు వాసన పోయి, తడిసిన అట్టపెట్టె రుచికి దిగిపోతుంది.

మసకగా ఉండి, తాజాగా తాగాల్సి, నిలవుంటే చెడేది కావాలంటే కల్లు ఉందిగా అని పెద్దవాళ్లు అడ్డం పడతారు. సగం నిజం. ఈ నగరంలో కల్లు దుకాణాలు 2004లో మూతపడి 2014లో మళ్లీ తెరుచుకున్నాయి, మరుసటి ఏడే సర్కారు మైక్రోబ్రూవరీలకు నిబంధనలు తెచ్చింది. అయితే 2025 జూలైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలు తీశాక, చెట్టు కింద తాగినంత నమ్మకంగా నగరంలో తాగమని ఎవరినీ అనలేం. హేజీరావు వెళ్లకపోవడానికి కారణం అది కూడా కాదనుకోండి. అక్కడ గోడ మీద ఏ హాపో రాసిన బోర్డు ఉండదు, అతను కళ్లు మూసుకుంటే పక్కవాడు నిద్రొచ్చిందనుకుంటాడు.

ఇంత అన్నాక ఒకటి ఒప్పుకోవాలి. ఆ బల్ల దగ్గర ఒక్క గ్లాసుతో సరిపెట్టేవాడు అతనే. లోపలికెళ్లి బీరు కాచిన కుర్రాణ్ణి పేరు పెట్టి పిలిచి, "భయ్యా, ఈసారి కుదిరింది" అని చెప్పొచ్చేవాడూ అతనే. ఇక రుచి చూశాక తీర్పు చెప్పకుండా ఉండలేకపోవడం అంటారా, డికాక్షన్ ఎంతసేపు మరిగిందో ప్రకటించకుండా ఇరానీ చాయ్ కప్పు కింద పెట్టనివాళ్లు నాంపల్లిలో కొల్లలు, ఇది రాస్తున్నవాడు సహా. హేజీరావు మా వాడే. కాకపోతే హెచ్‌బీసీ 586కు క్రష్ అని పేరు పెట్టేసరికి, అంతకుముందు మామిడి, జామ, నారింజ అని మూడు సాయంత్రాలు మురిసినవాడు ఒక్కసారిగా మొహం తిప్పేసుకున్నాడు. "ఇప్పుడందరూ తాగుతరు" అన్నాడు, బావమరిదికి కొత్త అంకె పంపుతూ.