అక్క మొగుడు అంకుల్ ఎలా అవుతాడు?

పెళ్ళిలో ఏడడుగులు నడిపించిన పురోహితుడు ఎనిమిదో అడుగు ఎక్కడ పడుతుందో చెప్పలేదు. మా బావకి అది ఉత్తరాఖండ్‌లో, కేదార్‌కంఠ కొండమీద, మోకాలి లోతు మంచులో పడింది. అడుగుతో పాటు మనిషీ పడ్డాడు. "ఏవండీ, లేవండి, ఫొటో తియ్యాలి" అంది మా అక్క. లేచాడు. తీశాడు. ఆ ఫొటోలో అక్క ఉంది, వెనక హిమాలయాలు ఉన్నాయి, కుడివైపు మూలన మసకగా బావ బొటనవేలు ఉంది. ఈ నాలుగేళ్ళలో మా అక్క చేసిన సాహసాలన్నిటిలోనూ బావ ఉన్నాడనడానికి ఆ బొటనవేలే సాక్ష్యం.

ఈ జాతి మొగుళ్ళు ఈమధ్య బాగా కనిపిస్తున్నారు. వంజంగిలో మేఘాలు చూడ్డానికి తెల్లవారుజామున టార్చిలైట్లతో కొండెక్కే గుంపులో చూడండి, రుషికొండ బీచ్‌లో చూడండి. భుజాన రెండు బ్యాగులుంటాయి, ఒకటి ఆడవాళ్ళది. చేతిలో రెండు నీళ్ళసీసాలుంటాయి, రెండూ నిండుగానే ఉంటాయి. ఆవిడకి చాలవేమోనని ఆయన తాగడు. ముఖం మాత్రం తిరణాలలో పిల్లాణ్ణి పోగొట్టుకున్నవాడిలా ఉంటుంది. పోగొట్టుకోలేదు. పిల్లాడి తల్లి వంద గజాల ముందు, ఎవరో కుర్రాళ్ళతో నవ్వుతూ నడుస్తోంది.

మా బావ విశాఖపట్నంలో ఒక ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేస్తాడు. చిల్లర లేకుండా సిటీబస్సెక్కడం ఆయన దృష్టిలో సాహసం. రాత్రి పడుకునే ముందు గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ కట్టేశాడో లేదో రెండుసార్లు చూసుకుంటాడు. మూడోసారి నిద్రలో లేచి చూస్తాడు. ఇలాంటి మనిషికి మా అక్కనిచ్చి చేశారు మా నాన్న, "కుర్రాడు నెమ్మదస్తుడు" అని మురిసిపోతూ.

నిజానికి మా అక్క కొత్తగా మారిందేమీ లేదు. మన ఆడవాళ్ళు ఇన్నాళ్ళూ సాహసాలన్నీ దేవుడి ఖాతాలో రాశారు, అంతే. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ ఉందా? తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా, వానొచ్చినా ఎండొచ్చినా నడుస్తారు. మా అక్క పదిహేనేళ్ళు వరసగా నడిచింది. బావ స్కూటరు మీద మజ్జిగ పట్టుకుని కూడలి కూడలికీ ఎదురయ్యేవాడు. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు, ప్రతి మెట్టుకీ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ ఎక్కింది. వంగి లేవడం ఎన్నిసార్లో లెక్కపెట్టుకోండి. ఇప్పుడు జిమ్‌లో ఇదే పనికి నెలకింతని పుచ్చుకుంటున్నారు.

2014లో ఒకరోజు పేపర్లో నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ ఫొటో వచ్చింది. మే 25న ఎవరెస్ట్ ఎక్కింది, అప్పటికి వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అక్క ఆ ఫొటో కత్తిరించి బీరువా తలుపుకి లోపల అంటించింది. బావ రోజూ చొక్కా తీసుకునేటప్పుడు చూసేవాడు గానీ, తనకి సంబంధించిన వార్త అనుకోలేదు. కూతురి పెళ్ళయి, కొడుకు బెంగళూరు వెళ్ళాక, ఒక సాయంత్రం పకోడీలు వేస్తూ అక్క అంది: "ఏవండీ, ఈ ఆదివారం వంజంగి కొండెక్కుతున్నాను."

"ఏ గుడుంది అక్కడ?"

"గుడేమీ లేదు."

బావ చేతిలో పకోడీ ఆగిపోయింది. "దేవుడు లేని కొండ ఎందుకెక్కడం?" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే అది. దేవుడి కొండయితే ఆవిడ ఎందుకెక్కుతోందో ఆయనకి తెలుసు: తన ఆరోగ్యానికి, పిల్లల చదువుకి. దేవుడు లేని కొండ మీద తన పేరు చెప్పుకుని మొక్కే పని కూడా ఉండదు. అదీ ఆయన బెంగ. ఆదివారం తెల్లవారుజామున మూడింటికి అక్క తలుపు తీసేసరికి బావ మంకీక్యాప్ పెట్టుకుని, ఫ్లాస్కుతో గేటు దగ్గర నించుని ఉన్నాడు.

తర్వాత బుల్లెట్ వచ్చింది. యాభయ్యో పుట్టినరోజుకి పట్టుచీర కొనుక్కోమని బావ ఇచ్చిన డబ్బులకి తన చీటీ పాట డబ్బులు కలిపి అక్క బండి బుక్ చేసింది. బావ కంగారుపడి, పోనీ నేర్పే పెద్దరికమైనా దక్కించుకుందామని, "గేరు కుడికాలికి ఉంటుంది, జాగ్రత్త" అన్నాడు. "అది మీ కాలం బుల్లెట్ అండీ. ఇప్పుడు ఎడమకాలికే" అంది అక్క. పాతికేళ్ళ వయసులో స్నేహితుడి బండి మీద నేర్చుకున్న విద్య అలా ఒక్క మాటతో తుప్పుపట్టిపోయింది.

వెనక సీటు మీద మొగుడు ఎలా కూర్చోవాలో మన శాస్త్రాల్లో ఎక్కడా లేదు. ఒకవైపుకి కూర్చోలేడు. నడుం పట్టుకుంటే నలుగురూ చూస్తారు. పట్టుకోకపోతే స్పీడ్‌బ్రేకరు చూసుకుంటుంది. బావ రెండు చేతులూ వెనక్కి పెట్టి ఇనప కమ్మీ పట్టుకుంటాడు. దూరం నుంచి చూస్తే పోలీసులు పట్టుకెళ్తున్నట్టు ఉంటుంది. ఎవరూ గుర్తుపట్టకుండా మొహం మొత్తం మూసే నల్లద్దం హెల్మెట్ కొన్నాడు. కానీ ఒళ్ళో టిఫిన్ క్యారేజీ ఉంటుంది కదా, దాన్ని బట్టి వీధి వీధంతా గుర్తుపట్టేస్తుంది. ఓసారి సిగ్నల్ దగ్గర కానిస్టేబుల్ బండాపి, నడిపే ఆవిణ్ణి వదిలేసి, వెనకున్న ఈయన్ని లైసెన్స్ అడిగాడు. బావ ఎంతో ఆనందంగా తీసి చూపించాడు. ఆ రోజంతా ఉత్సాహంగా ఉన్నాడు.

మా పెదనాన్న మనవడి పెళ్ళిలో ఒక పెద్దాయన, "ఏమయ్యా, పెళ్ళాం వెనక కూర్చుని తిరుగుతున్నావటగా" అన్నాడు. బావ విస్తట్లోంచి తలెత్తకుండా, "నరకాసురుడి మీద సత్యభామ బాణాలేస్తుంటే కృష్ణుడు పక్కనే కూర్చుని చూశాడండీ. ఆయన పరువేం పోయింది?" అన్నాడు. పంక్తి పంక్తంతా చప్పట్లు కొట్టింది. ఇంటికొచ్చాక మాత్రం నాతో రహస్యంగా అన్నాడు: "కృష్ణుడికేంరా, ఇంకో ఏడుగురున్నారు. నాకు మీ అక్కొక్కతే."

ఇక బండి కొన్నాక అక్క చేరిన బైకుల గుంపులో ఆయన పడే బాధ వేరు. ఆ గుంపులోని పాతికేళ్ళ పిల్లలందరూ మా అక్కని "అక్కా" అంటారు. బావని "అంకుల్" అంటారు. "అక్క మొగుడు అంకుల్ ఎలా అవుతాడురా? ఏ లెక్కన అవుతాడు?" అని అకౌంట్స్ మనిషి కాబట్టి మళ్ళీ మళ్ళీ లెక్కేసుకుని బాధపడేవాడు. జుట్టుకి రంగు వేశాడు. రంగేసుకున్న అంకుల్ అయ్యాడు. గుంపు నాయకుడికి గడ్డమూ పిలకా ఉన్నాయి, గిటారు కూడా ఉంది. "అతనికి పెళ్ళయిందా?" అని బావ నన్ను నాలుగుసార్లు అడిగాడు. "మీ అక్కకి వాయిద్యాలంటే ఇష్టం" అని ఐదోసారి అడగకుండా వదిలేశాడు. ఈ అనుమానం మనిషి అరకు ఘాట్‌లో ఆ పిలకాయనకి నడుం పట్టేస్తే, తన సంచీలోంచి జండూబామ్ తీసి అరగంట రాశాడు. అనుమానం అనుమానమే, బామ్ బామే.

రుషికొండలో స్కూబా డైవింగ్ కథ చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్తి. నీళ్ళలోకి దిగే ముందు ఒక ఫారం ఇచ్చారు. జబ్బులేమైనా ఉన్నాయా అని ఒక పేజీ. బావ అసిడిటీ దగ్గర్నుంచి అరికాలి ఆనె దాకా రాశాడు. చివర్న ఒక గడి: ఆపద వస్తే ఎవరికి కబురు చెయ్యాలి? బావ అక్క పేరు రాశాడు. పక్కకి తొంగిచూస్తే అక్క నా పేరు రాసింది. ఆయన మొహం చిన్నబోయింది. ముప్ఫై ఏళ్ళ కాపురం తర్వాత ఆపదకి తమ్ముడు గుర్తొచ్చాడా? "మీరు నాతో పాటు నీళ్ళలోనే ఉంటారు కదండీ, మీకు కబురు ఎవరు చెబుతారు?" అంది అక్క. బావకి ఆ వాక్యం బోధపడటానికి రెండు నిమిషాలు పట్టింది. తన కాగితం మీద కూడా ఆవిడ పేరు కొట్టేసి నా పేరు రాశాడు. ఆ రోజు మధ్యాహ్నం దాకా ఇద్దరి ప్రాణాలకీ నేనే పూచీ అని నాకెవరూ చెప్పలేదు.

నీళ్ళ కింద మాటలుండవు, సైగలే. బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుడితే బాగానే ఉన్నానని. బొటనవేలు పైకెత్తితే పైకి తీసుకెళ్ళమని. ఒడ్డున అన్నీ నేర్పారు. చెవులు నొక్కుకుపోతుంటే ముక్కు మూసుకుని ఊదమన్నారు, అదీ నేర్చుకున్నాడు. తీరా దిగాక, రంగు చేపల మధ్య అక్క చీరలేని మత్స్యకన్యలా వెళ్తుంటే బావకి ముచ్చటేసింది. బొటనవేలు ఎత్తి "బ్రహ్మాండం" అన్నాడు. నేర్పేవాడు ఆయన్ని పైకి తీసుకుపోయాడు. మళ్ళీ దింపాడు. అక్క చెయ్యి ఊపింది. బావ బొటనవేలు ఎత్తాడు. మళ్ళీ పైకి. మూడోసారి ఆ కుర్రాడు, "భయమేస్తే ఒడ్డున కూర్చోండి అంకుల్" అన్నాడు. "భయం కాదయ్యా, బాగుందని చెబుతున్నాను" అన్నాడు బావ. "అలా చెప్పకూడదు అంకుల్" అన్నాడు వాడు. పెళ్ళాన్ని మెచ్చుకున్నందుకు మూడుసార్లు సముద్రంలోంచి వెలేసిన మొగుడు ఇంకొకడుంటాడనుకోను.

ఒక రాత్రి డాబా మీద అడిగేశాను. "ఇంత భయపడుతూ ఎందుకు బావా వెంట తిరగడం? అక్క పడిపోతుందనా?"

"మీ అక్క పడదురా" అన్నాడు. "నేను ఇంట్లో ఉన్నాననుకో. తిరిగొచ్చి అంతా చెబుతుంది. మొదటిసారి అంతా చెబుతుంది. రెండోసారి సగం చెబుతుంది. మూడోసారి 'మీకు చెప్పినా అర్థం కాదులెండి' అంటుంది. ఆ మూడోసారి రాకుండా చూసుకుంటున్నాను." ఇంకేదో అనబోయి, గ్యాస్ కట్టేశానో లేదో అంటూ కిందికి దిగిపోయాడు.

కేదార్‌కంఠ ఎత్తు 12,500 అడుగులు. డెహ్రాడూన్ నుంచి సాంక్రి అనే ఊరు దాకా జీపులో రోజంతా ప్రయాణం, అక్కణ్ణించి నడక, గుడారాల్లో పడక. పొద్దునా సాయంత్రం వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూస్తారు. అక్కకి 91 వస్తే బావకి 84 వచ్చింది. చలికి వేలు బిగుసుకుపోయినా అంకె తక్కువ చూపిస్తుందని విన్నాడు. అప్పట్నుంచి తనిఖీకి పావుగంట ముందే చూపుడువేలు చంకలో పెట్టుకుని తిరిగేవాడు. మర్నాటికి 90 తెచ్చాడు. పరీక్షల్లో కూడా అంత కష్టపడలేదట.

శిఖరానికి అర్ధరాత్రి దాటాక, తలకి దీపాలు కట్టి బయల్దేరదీస్తారు. సూర్యోదయం కోసమని చెబుతారు గానీ, బావ సిద్ధాంతం వేరు: "ఎక్కేది కనపడకూడదని. వెలుగులో చూస్తే ఎవడూ ఎక్కడు." ఆయనకి కనిపించింది అక్క బూట్ల మడమలు మాత్రమే. వాటిని చూస్తూ ఎక్కేశాడు. తెల్లారాక కిందికి చూసి, తాను ఎక్కింది ఏమిటో అర్థమై కూర్చుండిపోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే జారడం మొదలెట్టాడు. అక్కడ మంచులో అలాగే దిగుతారట, పద్ధతే అది. వాళ్ళ వంశంలో అంతమంది మధ్య అలా జారుతూ దిగిన మొదటి మగాడు మా బావే.

ఆ రాత్రి గుడారంలో పప్పూ అన్నం పెట్టారు. బావ సంచీలోంచి ఆవకాయ సీసా తీశాడు. చలికి నూనె పేరుకుపోయి ముద్దలా ఉంది. స్టవ్ దగ్గర కాస్త కరిగించి, కందిపొడి కూడా తీసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ వడ్డించాడు. నాలుగో ముద్దకి బెంగళూరు నుంచొచ్చిన మనవాళ్ళ పిల్లాడొకడు కంచం జాపి, "ఇంకో ముక్క వెయ్యండి బావగారూ" అన్నాడు. బావ వెంటనే వెయ్యలేదు. "ఏమన్నావూ?" అని ఇంకోసారి అనిపించుకుని, అప్పుడు రెండు ముక్కలు వేశాడు. ఈ సంగతి నాకు అక్క చెప్పలేదు. బావే చెప్పాడు, నాలుగుసార్లు.

మొన్న ఫోన్ చేశాడు. ఈసారి బీర్ బిల్లింగ్ అట, హిమాచల్‌లో. 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచకప్ జరిగిన చోటు. దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తునుంచి గాల్లోకి దూకుతారు. గొంతులో ఏదో తేడా ఉంది. ఎత్తు గురించేమో అనుకున్నాను. ఎత్తు గురించి కాదు. అక్కడ ఎగిరేవాళ్ళని వెనకనించి పైలట్‌కి కట్టేస్తారట, ఒక్క పట్టీ కూడా వదులు లేకుండా, దిగేదాకా. తనని వేరే పైలట్‌కి కడతారట.

"ఒరే, ఆ పైలట్ లైసెన్సుకి ఎంతకాలం నేర్చుకోవాలో కాస్త కనుక్కో" అన్నాడు.

"ఎవరికి బావా?"

"నాకే."

ఆయనకి వచ్చే నెలతో 58 నిండుతాయి. కనుక్కుంటున్నాను.